ఏ కలయికలో ఎంత ప్రమాదం: హెచ్‌ఐవీ గురించి డిగ్రీ విద్యార్థులతో

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులందరికీ నమస్కారం. డిసెంబరు ఒకటో తేదీ, అంటే ప్రపంచ ఎయిడ్స్ దినం వస్తే మా డాక్టర్లను కాలేజీలకు పిలవడం, మేము వచ్చి నాలుగు జాగ్రత్తలు చెప్పి వెళ్లడం ఏటా జరిగేదే. ఈసారి అలా కాకుండా పది రోజుల ముందే మీ గ్రంథాలయం దగ్గర ఒక పెట్టె పెట్టించి, పేరు రాయకుండా మీ ప్రశ్నలు అందులో వేయమని కోరాను. దోసెడు చీటీలు వచ్చాయి. నిన్న రాత్రి కూర్చుని అన్నీ చదివాను. రాతలు వేరైనా దాదాపు అన్ని ప్రశ్నలూ ఒకే అచ్చులో ఉన్నాయి: "ఫలానా పని చేస్తే హెచ్‌ఐవీ వస్తుందా, రాదా?"

ఇరవై ఏళ్ల కిందట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బస్టాండ్లలోనూ కూడళ్లలోనూ పెద్ద పెద్ద బోర్డుల మీద "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న ప్రశ్న కనిపించేది. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు గానీ మీ అమ్మానాన్నలను అడగండి, వెంటనే గుర్తుపడతారు. ఎవరూ పైకి ఎత్తని విషయాన్ని ఊరూరా మాట్లాడించిన మేలు ఆ ప్రచారానిది, దాన్ని నేను ఎప్పుడూ తక్కువ చేయను. అయితే ఆ ప్రశ్న పులిరాజా అనే మనిషి చుట్టూ తిరిగింది, అతను ఎలాంటివాడన్న దాని మీదికే మన చూపును తిప్పింది. వైరస్‌కు మనిషి గుణగణాలతో పని లేదు. ఏ ద్రవం, శరీరంలోని ఏ పొరను, ఎంత వైరస్‌తో తాకిందన్నదే దానికి కావలసింది. ఈ గంటసేపు మీ చీటీల్లోని "వస్తుందా" అన్న మాటను పక్కన పెట్టి, "ఎంత ప్రమాదం, ఎందుకంత" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఇందుకు కొన్ని మాటలను ఉన్నవి ఉన్నట్టు పలకాలి. యోని, పురుషాంగం, గుదం, వీర్యం అన్నవి మనం పరీక్ష పుస్తకంలో రాసే మాటలే కనుక, ఇక్కడ వినడానికి ఎవరూ ఇబ్బంది పడవద్దని కోరుతున్నాను.

హెచ్‌ఐవీ సోకడానికి సరిపడినంత వైరస్ రక్తంలోనూ, వీర్యంలోనూ, వీర్యానికి ముందుగా స్రవించే ద్రవంలోనూ, యోని ద్రవంలోనూ, మలాశయపు లోపలి ద్రవంలోనూ, తల్లిపాలలోనూ ఉంటుంది. లాలాజలంలో, చెమటలో, కన్నీటిలో, మూత్రంలో అంత ఉండదు. ఆ ద్రవం మీద పడినంత మాత్రాన కూడా ఏమీ కాదు, ఎందుకంటే చెక్కుచెదరని చర్మాన్ని ఈ వైరస్ దాటలేదు. అది లోపలికి పోవాలంటే తడిగా ఉండే సున్నితమైన లోపలి పొర గానీ, పుండు గానీ, సూది గానీ దారి ఇవ్వాలి. దారి దొరికాక సీడీ4 అనే రక్షణ కణాలు దానికి చిక్కాలి. ఒక్కో రకమైన కలయికలో ఈ దారి ఒక్కో వెడల్పున తెరుచుకుంటుంది కాబట్టే ప్రమాదం అన్నిటిలో ఒకేలా ఉండదు.

2014లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ శాస్త్రవేత్తలు, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను ఒకచోట చేర్చి ఒక లెక్క కట్టారు. హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తితో కండోమ్ గానీ మందులు గానీ లేకుండా ఒకే రకమైన కలయిక 10,000 సార్లు జరిగితే ఎన్నిసార్లు వైరస్ సోకవచ్చన్నది ఆ లెక్క. గుద సంభోగంలో పురుషాంగాన్ని లోనికి తీసుకునే వ్యక్తికి 138. అదే సంభోగంలో ప్రవేశపెట్టే పురుషుడికి 11. యోని సంభోగంలో స్త్రీకి 8, పురుషుడికి 4. నోటితో జరిపే రతిలో ప్రమాదం ఎంత తక్కువంటే, అంకెలో పెట్టడానికి వాళ్లకు వీలు కాలేదు. పోల్చి చూసుకోవడానికి మరో రెండు చెబుతాను: మత్తుమందు ఎక్కించుకునే సూదిని పంచుకుంటే 63, వైరస్ ఉన్న రక్తాన్ని ఎక్కిస్తే 9,250.

ఈ అంకెలను రాసుకుంటున్న వారు ఒక్క నిమిషం ఆగండి. ఇవి సగటులు. చికిత్స తీసుకోని వారినీ, ఒంట్లో వైరస్ ఎక్కువగా ఉన్నవారినీ, తక్కువగా ఉన్నవారినీ, సుఖవ్యాధి పుండ్లు ఉన్నవారినీ లేనివారినీ అందరినీ కలిపితే వచ్చినవి. ఫలానా రాత్రి ఫలానా ఇద్దరి మధ్య ఏం జరుగుతుందో ఇవి చెప్పవు. 10,000కు 8 అన్నంత మాత్రాన మొదటి 1,249 సార్లు క్షేమమనీ కాదు, ఆ ఎనిమిదింటిలో ఒకటి మొదటిసారే కావచ్చు. ఒకే ఒక్క కలయికతో సోకినవారిని నేను చూశాను. ఏళ్ల తరబడి కలిసి కాపురం చేసినా సోకని భార్యలనూ చూశాను.

గుద సంభోగంలో అంత ప్రమాదం ఎందుకన్నది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రచార సాహిత్యం తప్పుకుపోయేది సరిగ్గా ఈ చోటే. యోని లోపలి గోడ అనేక కణాల వరసలతో, రాపిడిని తట్టుకునేలా ఏర్పడింది. మలాశయపు లోపలి పొర ఒకే ఒక్క కణాల వరస. దానికి సహజంగా జారుడు ద్రవం ఊరదు, అందువల్ల కంటికి కనిపించని చీలికలు తేలిగ్గా ఏర్పడతాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, పేగు ఒంట్లోని రక్షణ కణాలు గుంపులుగా కాపురముండే చోటు, అంటే వైరస్ వెతికే సీడీ4 కణాలు ఆ పలుచని పొర వెనుకనే పొంచి ఉంటాయి. స్వీకరించే వ్యక్తి స్త్రీ అయినా పురుషుడైనా శరీర నిర్మాణం అదే, ప్రమాదమూ అదే.

కొన్నేళ్ల కిందట, పెళ్లయిన ఒక యువకుడు హెచ్‌ఐవీకి మందులిచ్చే మా ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చాడు. ఆనవాలు దొరకకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. పెళ్లికి ముందు అతనికి పురుషులతో సంబంధాలుండేవి. "డాక్టరమ్మా, పోస్టర్లలో ఎప్పుడూ ఆడామగా బొమ్మే ఉండేదండీ. గర్భం వచ్చేది కాదు కదా, ఇందులో జబ్బు కూడా ఉండదనుకున్నాను" అన్నాడు. అతను మూర్ఖుడు కాడు, పట్టా పుచ్చుకున్నవాడు. మేము గీయించిన బొమ్మను అతను నమ్మాడు, ఆ బొమ్మలో లేని దాని వల్ల అతనికి సోకింది. గర్భం రాకుండా ఉండటానికి, కన్నెరికం పోకుండా ఉండటానికి గుద సంభోగమే మేలనుకునే జంటలు ఆడామగా వారిలోనూ ఉన్నారని మా కౌన్సెలర్లు చెబుతారు. గర్భం విషయంలో వారు అనుకున్నది నిజమే, హెచ్‌ఐవీ విషయంలో మాత్రం పదిహేడు రెట్లు ఎక్కువ ప్రమాదాన్ని ఎంచుకుంటున్నామని వారికి ఎవరూ చెప్పలేదు. సిగ్గుపడి మేము దాచిన ప్రతి వాక్యానికీ ఎక్కడో ఒకరు మూల్యం చెల్లించారు.

ఇక యోని సంభోగం. మన దేశంలో హెచ్‌ఐవీ సోకినవారిలో అత్యధికులకు సోకింది ఈ దారినే. ఒక్కసారికి ప్రమాదం తక్కువైనప్పుడు ఇదెలా అంటే, కాపురంలో అది ఒక్కసారి జరిగేది కాదు కనుక. వారానికి రెండుసార్లు అనుకుంటే ఏడాదికి వంద సార్లు. 10,000కు 8 చొప్పున వంద సార్లకు లెక్కవేస్తే, వైరస్ ఉన్న భర్త మందులు వాడని పక్షంలో భార్యకు ఒక్క ఏడాదిలో సోకే అవకాశం దాదాపు 8 శాతానికి చేరుతుంది. పన్నెండు మంది భార్యల్లో ఒకరన్న మాట. అదే పద్ధతిలో గుద సంభోగంలో స్వీకరించే వ్యక్తికి లెక్కవేస్తే యాభై సార్లకే సగానికి సగం అవకాశం. చిన్న అంకె పదే పదే కలిస్తే ఏమవుతుందో గణితం చదివే మీకు నేను చెప్పనక్కర్లేదు.

స్త్రీకి పురుషుడి కంటే ప్రమాదం రెట్టింపు ఎందుకంటే, ఆమెలో తడి పొర వైశాల్యం ఎక్కువ, వీర్యం లోపల చాలాసేపు నిలుస్తుంది. చిన్న వయసు అమ్మాయిల్లో గర్భాశయ ముఖద్వారపు సున్నితమైన కణాలు ఇంకా బయటి వైపు తెరుచుకుని ఉంటాయి గనుక వారికి ప్రమాదం మరీ ఎక్కువ. శుభ్రత పేరుతో యోని లోపల సబ్బుతోనూ డెట్టాల్‌తోనూ కడిగే అలవాటు కొందరికి ఉంది. అది లోపలి మంచి సూక్ష్మజీవులను చంపి, పొరను ఒరిపిడికి లోనుచేసి, ఉన్న రక్షణను పోగొడుతుంది. పురుషుల్లో వైరస్ ముఖ్యంగా మూత్రనాళం కొనలోంచీ, పూర్వచర్మం లోపలి వైపు నుంచీ ప్రవేశిస్తుంది. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో జరిగిన ప్రయోగాల్లో సుంతీ చేయించుకున్న పురుషులకు స్త్రీల నుంచి సోకే ప్రమాదం దాదాపు 60 శాతం తగ్గడానికి కారణం అదే.

నోటి విషయం మీద చీటీలు చాలా ఉన్నాయి కాబట్టి సూటిగా చెబుతాను. నోటితో జరిపే రతిలో ప్రమాదం అత్యల్పం, ఎందుకంటే లాలాజలంలో వైరస్‌ను అడ్డుకునే పదార్థాలున్నాయి, నోటి లోపలి పొరా గట్టిదే. చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నప్పుడో, నోట్లో పుండ్లున్నప్పుడో, వీర్యం నోట్లో స్ఖలించినప్పుడో అది కాస్త పెరుగుతుంది. అయితే సిఫిలిస్, గనేరియా లాంటివి నోటి దారిన బాగానే సోకుతాయి, అది వేరే సంగతి. ముద్దు వల్ల, కౌగిలి వల్ల, ఒకరికొకరు హస్తప్రయోగం చేసుకోవడం వల్ల హెచ్‌ఐవీ రాదు. స్త్రీకి స్త్రీ నుంచి సోకడం చాలా అరుదు. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, భయానికి కూడా ఖర్చుంది. ఒకే ఒక్క ముద్దును తలచుకుని ఏడాదిలో నాలుగుసార్లు పరీక్ష చేయించుకున్న కుర్రవాణ్ణి నేను ఎరుగుదును. నాలుగుసార్లూ లేదనే వచ్చింది. నిద్ర లేక చిక్కిపోయిన అతని ముఖం నాకిప్పటికీ కళ్లముందు ఉంది.

ఇప్పటిదాకా దారి గురించి చెప్పాను. అంతకంటే పెద్ద విషయం, ఆ దారిన వచ్చేది ఎంతన్నది. దీన్నే మేము వైరల్ లోడ్ అంటాం, అంటే ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్న వైరస్ కాపీల సంఖ్య. ఉగాండాలోని రకాయ్ జిల్లాలో, దంపతుల్లో ఒకరికి వైరస్ ఉండి మరొకరికి లేని 415 జంటలను గమనించి 2000లో ప్రచురించిన పరిశోధన మా వృత్తిలో చూపును మార్చింది. వైరల్ లోడ్ 1,500 కంటే తక్కువున్న వారి నుంచి ఒక్కరికీ సోకలేదు. లోడ్ పదింతలైనప్పుడల్లా సోకే ప్రమాదం దాదాపు రెండున్నర రెట్లు అవుతూ వచ్చింది.

ప్రమాదాన్ని పెంచే రెండు సంగతులు ఇక్కడ చెప్పాలి. మొదటిది, కొత్తగా సోకిన తొలి వారాల్లో వైరస్‌ను ఎదిరించే ప్రతిరక్షకాలు ఇంకా తయారు కావు గనుక లోడ్ లక్షల్లోకి వెళుతుంది, అప్పుడు ఎదుటివారికి ప్రమాదం మామూలు కంటే ఏడు రెట్ల దాకా ఉంటుంది. ఆ రోజుల్లో ఆ మనిషికి జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. మామూలు పరీక్షలో లేదనే వచ్చే అవకాశమూ అప్పుడే ఎక్కువ. కాబట్టి "మనిషిని చూస్తే తెలిసిపోతుంది" అన్న ధీమాకు ఆధారమే లేదు. రెండోది, సుఖవ్యాధులు. జననాంగాల మీద పుండున్నా, వాపున్నా పొర తెరుచుకుంటుంది, సీడీ4 కణాలు అక్కడికే గుమిగూడతాయి, దాంతో ప్రమాదం రెండున్నర రెట్ల వరకు పెరుగుతుంది. మందుల షాపులో ఏదో మలాం కొని పూసుకోకుండా ప్రభుత్వాసుపత్రిలోని సురక్ష క్లినిక్‌కు వెళితే ఉచితంగా పూర్తి వైద్యం చేస్తారు.

వైరల్ లోడే ప్రమాదాన్ని నిర్ణయిస్తే, దాన్ని మందులతో అణిచిపెడితే ఏమవుతుంది? చెన్నై, పుణే నగరాలు సహా తొమ్మిది దేశాల్లో 1,763 జంటలతో జరిపిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం 2011లో దీనికి జవాబిచ్చింది: త్వరగా మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది. ఆ తర్వాత యూరప్‌లో పార్ట్‌నర్ అనే అధ్యయనాలు జరిగాయి. లోడ్ 200 లోపు ఉన్నవారు కండోమ్ లేకుండా జరిపిన కలయికలను లెక్కపెట్టారు. 2016లో ప్రచురించిన మొదటిదానిలో దాదాపు 58,000, పురుష జంటలతోనే జరిపి 2019లో ప్రచురించిన రెండోదానిలో దాదాపు 76,000. ఈ కలయికల్లో భాగస్వామి నుంచి సోకినవి సున్నా. గుద సంభోగంలో కూడా సున్నా. ఇందాక 138 అని రాసుకున్న అంకె పక్కన ఈ సున్నాను కూడా రాసుకోండి. క్రమం తప్పకుండా మందులు వాడుతూ, పరీక్షలో వైరస్ కనిపించనంత తక్కువగా నిలిచిన వ్యక్తి నుంచి శృంగారం ద్వారా హెచ్‌ఐవీ సోకదు. ఇది ఓదార్పు కోసం చెబుతున్న మాట కాదు, కొలిచి చూసిన ఫలితం.

ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు మా దగ్గరకు వచ్చే ఒక దంపతులు చాలాసేపు మాట్లాడలేదు. భర్తకు వైరస్ ఉంది, భార్యకు లేదు. ఆరేళ్లుగా వేర్వేరు గదుల్లో పడుకుంటున్నారు. అతని లోడ్ మూడేళ్లుగా కనిపించని స్థాయిలోనే ఉంది, దాని అర్థం ఏమిటో ఆ మూడేళ్లూ వారికి ఎవరూ వివరించలేదు. ఆ తర్వాత ఆమె గర్భవతి అయింది. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ లేదు. మన దేశంలో ఈ మందులు 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు, 2017 నుంచి సీడీ4 సంఖ్య ఎంతున్నా పరీక్షలో తేలిన వెంటనే మొదలుపెడుతున్నారు. వైరస్ అణగడానికి సాధారణంగా ఆరు నెలల వరకు పడుతుంది, అది అణిగిందని పరీక్షలో రుజువయ్యేదాకా కండోమ్ ఉండి తీరాలి.

కండోమ్ గురించి మీకు తెలియదనుకోను, తప్పుగా వాడటం గురించే చెబుతాను. ఎప్పుడూ వాడే జంటల్లో ప్రమాదం సుమారు 80 శాతం తగ్గుతుంది. మిగిలినదానిలో చాలా భాగం మధ్యలో తొడగడం వల్లా, చిరగడం వల్లా వస్తుంది. మన ఇళ్లలో చేతికందేది కొబ్బరినూనె. కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ రాస్తే రబ్బరు నిమిషాల్లో బలహీనపడి చిరుగుతుంది. నీటితో తయారైన జెల్ మాత్రమే వాడాలి, గుద సంభోగంలో అది తప్పనిసరి. ఒకదాని మీద ఒకటి రెండు తొడిగితే రెట్టింపు రక్షణ రాదు, రాపిడికి రెండూ చిరుగుతాయి.

వైరస్ లేనివారు ముందుజాగ్రత్తగా మాత్ర వేసుకునే పద్ధతి కూడా ఉంది. దాన్ని ప్రెప్ అంటారు. డాక్టరు పర్యవేక్షణలో రోజూ తప్పకుండా వేసుకుంటే శృంగారం ద్వారా సోకే ప్రమాదం దాదాపు 99 శాతం తగ్గుతుంది. ఇప్పుడు ఆరు నెలలకోసారి తీసుకునే లెనాకపవిర్ అనే ఇంజెక్షన్ వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఆ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ వైరస్ సోకలేదని 2024లో తేలింది. దాన్ని తక్కువ ధరకు తయారుచేసే అనుమతి పొందిన కంపెనీల్లో మన హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. 2027 నుంచి ఏడాదికి దాదాపు 40 డాలర్లకే పేద, మధ్యాదాయ దేశాలకు అందిస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. ఇది చదివిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది.

జరగకూడనిది జరిగిపోతే, అంటే కండోమ్ చిరిగినా, ఎవరైనా బలవంతం చేసినా, 72 గంటల్లోగా పెద్దాసుపత్రి కాజువాల్టీకి గానీ ఏఆర్‌టీ కేంద్రానికి గానీ వెళ్లి, వైరస్ తాకి ఉండొచ్చనుకున్నాక సోకకుండా వాడే పెప్ మందులు అడగండి. 28 రోజులు వాడాలి. గంట గడిచేకొద్దీ ఫలితం తగ్గుతుంది కాబట్టి, తెల్లారాక చూద్దామని ఆగకండి. పరీక్ష కోసం ఐసీటీసీకి, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రానికి వెళితే డబ్బు అడగరు. మీ అనుమతి లేకుండా పరీక్ష చేయరు, ఫలితాన్ని గోప్యంగా ఉంచుతారు. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం మీకిచ్చిన హక్కు ఇది. ఫోనులో అడగాలనుకుంటే 1097కు చేయండి.

చీటీల్లో చివరిదొకటి మిగిలింది. "మేడమ్, ఒక్కసారే జరిగింది, కండోమ్ లేదు, నెల అయింది, ఎవరికీ చెప్పలేదు" అని మాత్రమే రాసి ఉంది. అది రాసినవారు ఈ హాలులోనే ఉన్నారని నమ్మి చెబుతున్నాను. ఏ రకమైన కలయికో మీరు రాయలేదు, రాయనవసరమూ లేదు. ఇందాకటి అంకెలన్నీ చూస్తే మీకు సోకకపోయే అవకాశమే చాలా ఎక్కువని మీకే అర్థమై ఉంటుంది. పెప్ వాడే గడువు దాటింది. పరీక్ష మాత్రం రేపే చేయించుకోవచ్చు, మూడు నెలలు నిండాక మరోసారి చేయించుకుంటే అనుమానం పూర్తిగా తీరుతుంది. ఆలోగా రక్తదానం చేయకండి, కండోమ్ లేకుండా ఎవరితోనూ కలవకండి. ఒకవేళ ఉందని తేలినా ఆ వారమే మందులు మొదలవుతాయి, ఇందాక నేను చెప్పిన సున్నా మీకూ వర్తిస్తుంది. జిల్లా ఆసుపత్రి ఏఆర్‌టీ కేంద్రంలో ఉదయం తొమ్మిది నుంచి నేను ఉంటాను. వరసలో నిలబడక్కర్లేదు. తలుపు దగ్గర ఉండే సిస్టర్‌తో "చీటీ" అన్న ఒక్క మాట చెప్పండి, లోపలికి పంపిస్తుంది.